గోదావరి డెల్టాలో కార్డిసెప్స్: బియ్యం సీసానా, పట్టు ప్యూపానా?

భీమవరంలోనో అమలాపురంలోనో ఒక గదికి ఏసీ బిగించి కార్డిసెప్స్ (పురుగుల మీద పెరిగి కాడలు వేసే, పుట్టగొడుగు లాంటి బూజు) పెంచుదామనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న, దేనిమీద పెంచాలన్నది. బియ్యం మీద బాగా వస్తుందని ఒకరంటారు. పట్టుపురుగు ప్యూపా (గూడు కట్టుకున్నాక లోపల ఉండే దశ) మీద పెరిగిందే అసలు సరుకని ఇంకొకరంటారు. బతికున్న పురుగుల మీద పిచికారీ కొడితే చాలు, మిగతాది బూజే చూసుకుంటుందని మూడో మాట. మూడూ జరిగే పనులే. కానీ ఒక్కోదానికి కావలసిన చలి వేరు, చేతిపని వేరు, తేడా వస్తే నష్టపోయేవాళ్లు వేరు. డెల్టాలో ఉన్నవాళ్లు రెండు సంగతులు చూసుకుని ఎంచుకోవాలి: మన ఎండ, మన చుట్టుపక్కల పట్టుపురుగుల మేత అయిన మల్బరీ లేకపోవడం. మొదటిది మనకు శత్రువు. రెండోది, వింతగా తోచినా, మనకు కలిసొచ్చేదే.

ముందు పేర్లు తేల్చుకోవాలి

ఈ బేరంలో జరిగే మోసాల్లో సగం పేర్ల గందరగోళం వల్లనే. ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అనీ, నేపాల్‌లో యార్సాగుంబా అనీ పిలిచేది ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. హిమాలయాల్లో 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున, నేలలో బతికే ఒక జాతి గొంగళిపురుగు మీద వస్తుంది. దాన్ని డెల్టాలో పెంచుతామని ఎవరైనా శిక్షణ ఫీజు అడిగితే అక్కడితో లేచి వచ్చేయండి.

మనం పెంచగలిగేది కార్డిసెప్స్ మిలిటారిస్. నారింజ రంగులో, అగ్గిపుల్ల కన్నా కొంచెం లావుగా, అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల కాడలు వేస్తుంది. అందరూ చెప్పుకునే కార్డిసెపిన్ అనే పదార్థాన్ని మొదట వేరుచేసింది ఈ జాతి నుంచే, 1950లో. చైనాలో దీన్ని కొత్త ఆహార పదార్థంగా 2009లో అనుమతించారు.

మూడోది కార్డిసెప్స్ టెనుయిపెస్. పాత పుస్తకాల్లో పేసిలోమైసిస్ అనీ, ఐసేరియా అనీ కనిపిస్తుంది. కాడల మీద తెల్లటి పొడి మంచు రాలినట్టు ఉంటుంది. దక్షిణ కొరియాలో పట్టుపురుగుల మీద పెంచే రకాల్లో ఇదొకటి.

నాలుగోది బవేరియా బాసియానా. పట్టు రైతులకు ఇది పరాయిది కాదు. షెడ్డులో పురుగు బిగుసుకుపోయి, సున్నం పూసినట్టు తెల్లబడి చస్తుందే, ఆ సున్నపుకట్టు రోగం దీని పనే. ఈ రోగానికి కారణం ఒక సూక్ష్మజీవి అని ఇటలీలో అగోస్తినో బాసి 1835లో రుజువు చేశాడు, బూజుకు ఆయన పేరే పెట్టారు. అలా బిగుసుకున్న పురుగును చైనా సంప్రదాయ వైద్యంలో మందుగా వాడతారు. అందువల్ల "మనమూ చేద్దాం" అనే ఆలోచన వస్తుంటుంది. వద్దు. కొనేవాళ్లు ఇక్కడ లేరు, బీజాలు గాలికి లేస్తే పట్టు షెడ్లు ఖాళీ అయిపోతాయి. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

చలి లెక్క

మిలిటారిస్‌కు తెల్ల బూజు దశలో 20–22 డిగ్రీలు, కాడలు లేచే దశలో 18–22 డిగ్రీలు కావాలి. 25 దాటితే కాడలు పుట్టడం తగ్గుతుంది. 30 దగ్గర పెరుగుదల ఆగిపోతుంది. ఆ వేడిలో రోజంతా ఉంచితే, మళ్లీ చల్లబరిచినా ఆ సీసాలు కోలుకోవు.

మన దగ్గర జనవరిలో కూడా తెల్లవారుజామున 18–20 ఉంటుంది కానీ మధ్యాహ్నానికి 28కి చేరుతుంది. అంటే పాల పుట్టగొడుగులకు, వరిగడ్డి పుట్టగొడుగులకు సరిపోయే తాటాకు షెడ్డు దీనికి ఏ నెలలోనూ పనికిరాదు. "చలికాలంలో ఏసీ లేకుండా" అనే మాటను నమ్మొద్దు. చలికాలం వల్ల కలిగే లాభం కరెంటు బిల్లు తగ్గడమే.

పదడుగుల గదికి గోడలకు, పైకప్పుకు కనీసం రెండంగుళాల థర్మోకోల్ గానీ పఫ్ ప్యానెల్ గానీ వేసి, టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ పెడితే వేసవిలో రోజుకు 15–20 యూనిట్లు, డిసెంబరు–జనవరిలో దాదాపు అందులో సగం కాలుతుంది. ఒక విడత 60 రోజులనుకుంటే వేసవిలో వెయ్యి యూనిట్లు, కాస్త అటూ ఇటూగా పోతాయి. అదే గదిలో రెండు వైపులా అయిదేసి అరల ర్యాకులు వేస్తే 400 మిల్లీలీటర్ల సీసాలు వెయ్యి తేలిగ్గా పడతాయి. అంటే సీసాకు ఒక యూనిట్. మీ బిల్లులో యూనిట్ ధర ఎంతో చూసుకుని మీరే గుణించుకోండి.

ఏసీ ఒక్కటే పెడితే అది ఆగిన రోజున విడత మొత్తం పోతుంది. రెండు పెట్టి మార్చి మార్చి నడపాలి. కరెంటు పోతే ఇళ్లలో వాడే బ్యాటరీ ఇన్వర్టర్, ఏసీ లోడు మోయలేదు, జనరేటర్ ఉండాలి. తుపాను రోజుల్లో కోనసీమలో కరెంటు పోతే ఎన్నాళ్లకు వస్తుందో అందరికీ తెలిసిందే. అక్టోబరు, నవంబరు మొదటి సగం కాడల దశలో ఉండేలా పెద్ద విడత వేయకండి.

ఇంకో ఇబ్బంది చెమ్మ. బయట గాలిలో తేమ ఎక్కువ, లోపల గోడ చల్లన, తలుపు తీసినప్పుడల్లా గోడలు చెమరుస్తాయి. ఆ తడి మీద పచ్చబూజు, నల్లబూజు పడతాయి. తలుపు ముందు మూడడుగుల చిన్న గది కట్టి రెండో తలుపు పెడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. రెండు వారాలకోసారి ఏసీ ఫిల్టరు కడగాలి. గోడలను 2 శాతం బ్లీచింగ్ పౌడర్ ద్రావణంతో తుడవాలి, అదీ సీసాలు లేనప్పుడు.

బియ్యం సీసా: మొదటి విడతకు ఇదే

పాలిష్ పట్టిన తెల్లబియ్యం వద్దు. తవుడు పొరతో పాటు బూజుకు కావలసిన నత్రజనిలో కొంత, బి విటమిన్లలో చాలావరకు పోయి ఉంటాయి. మిల్లులో పొట్టు మాత్రమే తీసిన ముడిబియ్యం అడిగి తెచ్చుకోండి. మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ లాంటి రకం బాగానే పనిచేస్తుంది. జిగురు తక్కువ, ఉడికాక గింజ గింజగా ఉంటుంది. ఉప్పుడు బియ్యం కూడా పనికొస్తుంది, నీళ్లు పీల్చడంలో తేడా ఉంటుంది కాబట్టి ద్రవం ఆ మేరకు సర్దుకోవాలి.

సీసాకు 25 గ్రాముల బియ్యం, 30–35 మిల్లీలీటర్ల పోషక ద్రవం. లీటరు ద్రవానికి గ్లూకోజ్ 20 గ్రాములు, పెప్టోన్ (మాంసకృత్తుల నుంచి చేసే పోషక పొడి) 5 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రాములు, మోనో పొటాషియం ఫాస్ఫేట్ 1 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము, విటమిన్ బి1 10 మిల్లీగ్రాములు. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఎరువుల దుకాణంలో 0-52-34 అని అమ్మేది కూడా మోనో పొటాషియం ఫాస్ఫేటే. చవకని దాన్ని తెచ్చి వేయొద్దు, తినే సరుకులోకి ఎరువు గ్రేడు రసాయనం రాకూడదు. కోనసీమలో కొబ్బరి నీళ్లు కలిపి చూద్దామన్న కోరిక సహజం. కలిపినా బూజు పెరుగుతుంది. కానీ బొండం ముదురును బట్టి చక్కెర మారుతుంది, ఏ విడత ఎందుకు బాగుందో తర్వాత తేల్చుకోలేరు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన. ద్రవానికీ, తేమ యంత్రానికీ ఆర్వో నీళ్లే వాడాలి.

మూతి మీద వేడికి తట్టుకునే పాలీప్రొపిలీన్ కాగితం రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు బిగించి, ప్రెషర్ కుక్కర్లో 121 డిగ్రీల దగ్గర, అంటే 15 పౌన్ల ఒత్తిడిలో, 45–60 నిమిషాలు ఉంచాలి. ఒత్తిడి ఎక్కేముందు కుక్కర్‌లోని గాలి పూర్తిగా బయటికి పోనివ్వాలి. ముల్లు 15 చూపించినా లోపల గాలి మిగిలి ఉంటే వేడి 121కి చేరదు, నాలుగో రోజున సీసాల్లో పుల్లటి వాసన రావడానికి ఇదే పెద్ద కారణం. ఇంట్లో వాడే 22 లీటర్ల కుక్కర్‌లో ఒకసారికి డజను సీసాలు, రోజంతా కష్టపడితే 60. వెయ్యి సీసాల ఆలోచన ఉంటే నిలువు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే పెద్ద యంత్రం) తప్పదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ల్యాబుల్లో ఆటోక్లేవ్, లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే బల్ల) రెండూ ఉంటాయి. మొదటి ప్రయోగానికి వాళ్లతో మాట్లాడుకుంటే కొనే ఖర్చు వాయిదా పడుతుంది. అయితే రొయ్యల బ్యాక్టీరియా కల్చర్లు తెరిచే బల్ల మీదే ఇదీ తెరవొద్దు.

విత్తనం, అంటే సీసాలో వేసే బూజు, ద్రవ స్పాన్‌గా వేయడమే మేలు. 500 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 200 మిల్లీలీటర్ల బంగాళదుంప–గ్లూకోజ్ ద్రవం పోసి, ల్యాబు ప్లేటులో అగర్ మీద పెరిగిన బూజు ముక్కలు నాలుగు వేసి, 22 డిగ్రీల దగ్గర నిమిషానికి 120–150 తిప్పులతో అయిదారు రోజులు షేకర్ మీద ఉంచాలి. చిన్న చిన్న ఉండలు, వాటి మధ్య తేటగా ఉండే ద్రవం, ఇదీ గుర్తు. ద్రవం కలకబారితే బ్యాక్టీరియా చేరినట్టే. తేటగా ఉన్నా సరే, ఒక చుక్క ప్లేటు మీద వేసి 30 డిగ్రీల దగ్గర రెండు రోజులు పెట్టి చూశాకే సీసాల్లోకి ఎక్కించాలి. సీసాకు 5 మిల్లీలీటర్లు చాలు.

వారం రోజులు చీకట్లో ఉంచితే గింజలన్నీ తెల్లగా కప్పుకుంటాయి. అప్పుడు రోజుకు 12 గంటలు, 500–1,000 లక్స్ తెల్ల ఎల్ఈడీ వెలుగు ఇవ్వాలి. వెలుగు పడితేనే రంగు తిరుగుతుంది, కాడ లేస్తుంది. రెండో వారం చివరికి పైభాగం నారింజ రంగుకు వచ్చి, మూడో వారంలో మొటిమల్లాంటి మొలకలు కనిపిస్తాయి. అప్పుడు కాగితానికి సూదితో ఏడెనిమిది రంధ్రాలు పొడవాలి. 45–55 రోజుల్లో కాడ కొస లావెక్కి గరుకుగా మారుతుంది. కోతకు అదే సమయం. సీసాకు తాజాగా 10–15 గ్రాములు, ఎండాక గ్రామున్నర నుంచి రెండు గ్రాములు వస్తే మంచి విడత అనుకోవాలి.

చెడిపోవడం ఎలా ఉంటుందో చూద్దాం. పచ్చటి మచ్చలు నాలుగైదు రోజుల్లో పైన కనిపిస్తే విత్తనం వేసేటప్పుడు గాలిలోంచి పడినవి. అడుగు నుంచి మొదలైతే ఉడకడం చాలలేదు. గింజలు జావలా అయి పుల్లటి వాసన కొడితే నీరు ఎక్కువైంది లేదా కుక్కర్‌లో గాలి మిగిలింది. కాడలు సన్నగా పాకుతూ పొడుగ్గా పోతే లోపల కార్బన్ డై ఆక్సైడ్ నిలిచింది, వెలుగు కూడా చాలలేదు. అన్నీ సరిగ్గా ఉండి, తెల్లటి దూదిలా ఒత్తుగా పెరిగి, నెల దాటినా మొలక రాకపోతే మాత్రం తప్పు మీ గదిలో లేదు. స్ట్రెయిన్, అంటే మీరు తెచ్చుకున్న బూజు వంశం, అరిగిపోయింది.

ఈ చివరిది అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఈ బూజు ప్లేటు నుంచి ప్లేటుకు మూడు నాలుగు సార్లకు మించి మారిస్తే కాడలు వేసే గుణం క్రమంగా పోగొట్టుకుంటుంది. పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పైగా దీనిలో ఆడ, మగ లాంటి రెండు జతకట్టే రకాలున్నాయి, రెండూ కలిసున్న కల్చర్ అయితేనే కాడలు పూర్తిగా తయారవుతాయి. పక్కవాళ్ల సీసాలోంచి ముక్క తెచ్చుకుని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన డైరెక్టరేట్ లాంటి చోట నుంచి కల్చర్ తెచ్చుకుని, మొదటి తరం నుంచే పది స్లాంట్లు (గొట్టంలో వాలుగా పోసిన అగర్ మీద పెంచిన కల్చర్లు) చేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో దాచండి. ప్రతి విడతకూ అందులోంచి ఒకటే తీయాలి. ఎక్కడినుంచి తెచ్చినా సరే, పది సీసాల్లో కాడలు చూడకుండా వెయ్యి సీసాలు వేయొద్దు.

ప్యూపా పొడి కలిపిన బియ్యం: తక్కువ ఖర్చు మెరుగుదల

పట్టు దారం తీశాక మిగిలే ప్యూపాలో ఎండు బరువు మీద సగానికి పైగా మాంసకృత్తులు, పావు వంతు దాకా కొవ్వు ఉంటాయి. దీన్ని పొడిచేసి బియ్యంలో కలిపితే కాడలు వత్తుగా వస్తాయి. పెప్టోన్ సగానికి తగ్గించవచ్చు. డెల్టా పైఅంచున, గొల్లప్రోలు మండలం చేబ్రోలు వైపు పట్టు సాగు ఉంది కాబట్టి ప్యూపా కోసం హిందూపురం దాకా పోనక్కర్లేదు.

తీరా చేసేటప్పుడు జాగ్రత్త పడాల్సింది కొవ్వు దగ్గర. దారం తీసే రీలింగ్ బేసిన్‌లోంచి తీసిన ప్యూపాను మన ఉక్కలో గోనెసంచిలో ఒక్క రాత్రి ఉంచితే చాలు, తెల్లారేసరికి ముక్కు మూసుకోవాలి. ఆ రోజే మంచినీళ్లతో మూడుసార్లు కడిగి (దారం తీసే నీళ్లలో సోడా, సబ్బు వాడి ఉండొచ్చు), పది నిమిషాలు ఆవిరి పట్టి, 60–65 డిగ్రీల డ్రయ్యర్‌లో చేత్తో విరిస్తే ఫట్‌మనే దాకా ఎండబెట్టాలి. వారానికి సరిపడా మాత్రమే పొడి చేసుకుని, మిగతాది డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. పాత నూనె వాసన వస్తే రొయ్యల మేతకు ఇచ్చేయండి, సీసాలో వేయకండి.

మోతాదు 25 గ్రాముల బియ్యానికి 2 గ్రాములు. "ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తుంది" అని 5 గ్రాములు వేసినవాళ్లకు మిగిలేది అమ్మోనియా కంపు, జిగట. పొడి గడ్డలు కట్టకుండా పోషక ద్రవంలో ముందే కలిపి, సీసాల్లోకి పోసేటప్పుడు గిన్నె అడుగు నుంచి కలుపుతూ పోయాలి. లేకపోతే మొదటి సీసాకు నీళ్లు, చివరి సీసాకు ముద్ద.

దీనికి ఒకటే అభ్యంతరం, అదీ వ్యాపారపరమైనది. పురుగు పొడి కలిసిన మాధ్యమం మీద పెరిగింది శాకాహారమని చెప్పి అమ్మకూడదు. మన దగ్గర కొనేవాళ్లలో ఈ పట్టింపు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. రెండు రకాలూ చేస్తే సీసాల మూతలకు వేరు రంగు బ్యాండ్లు వేసి, ఎండబెట్టే ట్రేలు కూడా వేరు పెట్టాలి.

బతికున్న ప్యూపా: కాడ కింద పురుగు కనిపించాలనుకునేవాళ్లకు

ఇది చూపు సరుకు. కాడ కింద ప్యూపా అలాగే ఉంటుంది కాబట్టి కొనేవాళ్లకు నమ్మకం ఎక్కువ. కార్డిసెపిన్ ప్యూపా మీద పెరిగినదాంట్లోనే ఎక్కువన్న మాట మాత్రం ప్రతిసారీ నిలవదు. స్ట్రెయిన్‌ను బట్టి, మాధ్యమాన్ని బట్టి మారిపోతుంది. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష (పదార్థం ఎంతుందో కొలిచే ల్యాబు పరీక్ష) చేయించకుండా ఆ మాట పొట్లం మీద వేయకండి.

బరువు లెక్క ముందే వేసుకోవాలి. తాజా ప్యూపా గ్రాముంపావు నుంచి గ్రామున్నర. అందులో నాలుగింట మూడు వంతులు నీరు. అంటే ఎండాక కాడతో కలిపి మూడో వంతు గ్రాము దాటదు, బూజు శ్వాసకు కొంత పోతుంది కూడా. ఎండు కిలోకు మూడు వేల ప్యూపాలకు పైనే కావాలి. ఒక్కోదానికీ సూది వేయాలి, చేయి తిరిగినవాళ్లు నిమిషానికి నాలుగైదు వేస్తారు.

ఖర్చు ఎక్కువయ్యేది గూటి దగ్గర. కోసిన గూటి నుంచి దారం తీయలేం. మంచి గూళ్లు కొని కోయడమంటే పట్టు ధర పెట్టి పురుగును కొనడమే. పొట్టి, పలుచని, మరక పడిన గూళ్లు చవకగా దొరుకుతాయి కదా అంటారు. వాటిలో చాలావాటికి పాలరోగమో ఇంకోటో ఉంటుంది, సూది వేసిన మూడో రోజుకు నల్లబడి కారిపోతాయి. జంట గూళ్లు మాత్రం పనికొస్తాయి, రెండు పురుగులు కలిసి కట్టినవి కాబట్టి దారం చిక్కుపడుతుందని ధర తగ్గిస్తారు గానీ లోపలి ప్యూపాలు ఆరోగ్యంగా ఉంటాయి. గుడ్లు తయారుచేసే గ్రెయినేజీల్లో ఆడ, మగ వేరుచేయడానికి ఎలాగూ గూళ్లు కోస్తారు. అక్కడ మిగిలిపోయే ప్యూపాలు దొరికితే అంతకన్నా మంచిది లేదు.

ఎరి పట్టును కూడా మరిచిపోకూడదు. ఎరి గూటికి ఒకవైపు తెరిచే ఉంటుంది, దాన్ని దారం తీయరు, వడుకుతారు. ప్యూపాను బయటికి తీసినా గూటి ధర పోదు. ఎరి పురుగు ఆముదం ఆకే కాదు, కర్రపెండలం ఆకు కూడా తింటుంది. పెద్దాపురం మెట్టలో కర్రపెండలం ఉండనే ఉంది. ప్యూపా కూడా మల్బరీ రకం కన్నా పెద్దది. ఈ దారిలో ఎవరైనా గట్టిగా ప్రయత్నిస్తే బతికున్న ప్యూపా లెక్క మారుతుంది.

చేసే విధానం ఇది. పురుగులు చంద్రికల (గూళ్లు కట్టుకునే తట్టల) మీదికి ఎక్కిన అయిదారు రోజులకు, ప్యూపా తోలు లేతపసుపు పోయి గోధుమరంగుకు తిరిగాక గూళ్లు కోయాలి. ముందే కోస్తే తోలు మెత్తగా ఉండి సూది దిగినచోట రసం కారుతుంది. 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ద్రవ స్పాన్‌ను రెండు మడతల గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ఉండలు సూదికి అడ్డుపడతాయి. మిల్లీలీటరుకు లక్ష నుంచి పది లక్షల కణాలుండేలా పలచన చేసి, ఇన్సులిన్ సిరంజితో 0.1 మిల్లీలీటరు పొట్ట కణుపుల మధ్య ఏటవాలుగా, పైపైన వేయాలి. సూది లోతుగా దిగితే పేగు తెగి బ్యాక్టీరియా రసంలో కలుస్తుంది. అప్పుడు బూజు కన్నా కుళ్లు ముందు గెలుస్తుంది.

ఒకదానికొకటి తగలకుండా ట్రేలో పరిచి 20–22 డిగ్రీల దగ్గర, 70–80 శాతం తేమలో ఉంచాలి. రోజూ చూడాలి. బిగుసుకుని, ఆకారం చెడకుండా గట్టిపడుతున్నవి దారిలో ఉన్నాయి. నల్లబడి మెత్తబడినవి ఆ పూటే తీసేయాలి, ఒక్కటి పగిలితే చుట్టూ నాలుగు పోతాయి. వారం దాటినా ఒళ్లు కదిలిస్తున్నవాటికి బూజు పట్టలేదు. వదిలేస్తే పది పన్నెండు రోజులకు రెక్కల పురుగులై బయటికొస్తాయి, ముందే ఫ్రీజర్‌లో వేయండి. గట్టిపడ్డాక తేమ 90–95 శాతానికి పెంచి వెలుగు ఇస్తే, కణుపుల సందుల్లోంచి మొలకలు పుట్టి మరో 35–45 రోజుల్లో కాడలవుతాయి. సీసాలో అయితే తేమ మూతి కింద దానంతటదే నిలుస్తుంది. ఇక్కడ ట్రేలు తెరిచి ఉంటాయి, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంటుంది. తేమ యంత్రం, ఏసీ ఒకదానితో ఒకటి కుస్తీ పడుతూనే ఉంటాయి. బయట ఇంత ఉక్క ఉన్న డెల్టాలో, లోపల తేమ కోసం యంత్రం కొనాల్సి రావడం నవ్వొచ్చే సంగతే.

పురుగుల మీద చల్లే పద్ధతి

టెనుయిపెస్‌కు 25 డిగ్రీలు సరిపోతుంది, ఏసీ ఖర్చు తగ్గుతుంది. సూది పని లేదు. నాలుగో జ్వరం (చర్మం వదిలే విరామం) లేచి అయిదో దశలోకి వచ్చిన పురుగుల మీద, ఇంకా మేత వేయకముందు, మిల్లీలీటరుకు పది కోట్ల బీజాలుండే ద్రవాన్ని చల్లి, ఒక రోజు 90 శాతం పైన తేమలో ఉంచుతారు. ఆ తర్వాత మామూలుగానే ఆకు వేస్తారు. పురుగు గూడు కట్టుకుని లోపల ప్యూపా అయ్యాక బూజు కమ్ముతుంది. గూళ్లు కోసి తేమలో పెడితే తెల్ల కాడలు లేస్తాయి. చల్లాక పడకల మీద సున్నం, రోగ నివారణ పొడులు వేయకూడదు. అవి సున్నపుకట్టు లాంటి రోగాలను ఆపడానికే చేసినవి, దీన్నీ ఆపేస్తాయి.

వినడానికి ఇదే సులువు. కానీ కావాలని బూజు పట్టించిన పురుగులను వారం రోజులు షెడ్డులో మేపడమంటే ఆ షెడ్డును మళ్లీ మామూలు పట్టుకు వాడుకోలేకపోవడమే. తెల్ల కాడల మీది పొడి అంతా బీజాలే, చిన్న గాలికి లేస్తుంది. చేబ్రోలు లాంటి పట్టు ఊళ్లో ఇది చేస్తే పక్క షెడ్డువాళ్లతో తగువు ఖాయం, తప్పు కూడా చేసినవాళ్లదే. పురుగులు, ఆకు దొరికే ఊళ్లో ఈ పద్ధతి తగదు. తగిన చోట పురుగులూ ఆకూ ఉండవు. డెల్టావాళ్లు దీన్ని పక్కన పెట్టడమే మంచిది.

ఇదే తర్కం మిలిటారిస్ ప్యూపాకు వేస్తే డెల్టా వైపు మొగ్గు వస్తుంది. గూళ్లను పట్టు ఊళ్లోనే కోయించి, ప్యూపాలను ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో 15 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటల్లో అమలాపురమో పాలకొల్లో చేర్చవచ్చు. ఐస్ నేరుగా తగలకుండా మధ్యలో కాగితం అట్ట వేయాలి. మీ గది చుట్టూ వరి, కొబ్బరి, చెరువులే తప్ప మల్బరీ ఉండదు. బయటికెళ్లిన బీజం వల్ల నష్టపోయే రైతు లేడు. తిరుగు ప్రయాణంలో అవే పెట్టెలు, ట్రేలు పట్టు ఊరికి పంపొద్దు. అట్టపెట్టెలు ఒకసారి వాడి తగలబెట్టడం చవక.

ఎవరికి ఏది

చేతిలో ఏసీ గది ఒకటి, 22 లీటర్ల కుక్కర్ ఒకటి ఉన్నవాళ్లు బియ్యం సీసా తప్ప ఇంకోదాని జోలికి పోవద్దు. 50–60 సీసాలతో రెండు విడతలు నష్టం లేకుండా తీయగలిగితే, మూడో విడతలో సగం సీసాలకు ప్యూపా పొడి కలిపి పక్కపక్కన తూచి చూడండి. తేడా కనిపించకపోతే, ప్యూపా వాసన భరించాల్సిన పని లేదు. ఆక్వా ల్యాబు నడుపుతున్నవాళ్లకు, శుభ్రంగా పనిచేసే మనుషులు ముందే ఉంటారు కాబట్టి, నేరుగా పొడి కలిపిన పద్ధతితో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. బతికున్న ప్యూపా జోలికి, గ్రెయినేజీతోనో ఎరి రైతులతోనో మాట ఉన్నవాళ్లు, సరుకు ఎవరు కొంటారో ముందే తెలిసినవాళ్లు మాత్రమే వెళ్లాలి. అదీ నూరు ప్యూపాలతో. వాటిలో 80 గట్టిపడితే ముందుకు, 50 దాటకపోతే సూది పనిలోనో ప్యూపాలోనో లోపం ఉంది, పెంచకూడదు.

మేడ మీద గదిని దీనికి ఎంచుకోవద్దు. మే నెలలో శ్లాబు వేడికి ఎంత ఏసీ అయినా చాలదు. కింది అంతస్తులో, ఉత్తరం వైపు గది మేలు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే నివాసానికి ఆనుకున్న గది కూడా వద్దు. కోత రోజున మాస్కు తప్పనిసరి.

ఎండబెట్టడం, అమ్మడం

కోసిన కాడలను 45–50 డిగ్రీల దగ్గర 8 శాతం తేమకు రానివ్వాలి. వంచితే విరగాలి. మన గాలిలో అరగంట బయట పెడితే మళ్లీ మెత్తబడతాయి. అందుకే డ్రయ్యర్‌లోంచి తీస్తూనే అల్యూమినియం పూత సంచిలో, సిలికా జెల్ పొట్లంతో సీలు వేయాలి. గాజు సీసాలో వెలుతురుకు పెడితే నారింజ రంగు రెండు నెలల్లో వెలిసిపోతుంది.

కాడలు కోశాక మిగిలే బియ్యం దిమ్మలో కూడా కార్డిసెపిన్ కొంత ఉంటుంది. దాన్ని ఎండబెట్టి పొడిగా అమ్మేవాళ్లున్నారు. అదేమిటో చెప్పి అమ్మితే తప్పు లేదు. కాడల పొడిలో కలిపితే కల్తీ. అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారి పట్టిస్తుంది, బియ్యం పిండి కాబట్టి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) అనుమతి ఏ వర్గం కింద వస్తుందో మొదటి విడత వేయకముందే లిఖితపూర్వకంగా అడిగి తేల్చుకోండి. పొట్లం మీద క్యాన్సర్, షుగర్, మగతనం లాంటి మాటలు వేస్తే 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. ఇప్పటిదాకా ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో, జంతువుల మీద వచ్చినవే. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి తీసుకోవాలని రాయండి. ప్యూపా వాడితే పట్టుపురుగు మాంసకృత్తులున్నాయన్న అలర్జీ హెచ్చరిక, మాంసాహార గుర్తు రెండూ ఉండాలి.

మొదటిసారి వేసేవాళ్లకు నెలల లెక్క ఇలా కుదురుతుంది. ఆగస్టులో కల్చర్ తెప్పించి స్లాంట్లు చేసి దాచుకోవాలి. సెప్టెంబరు మొదట్లో పది సీసాల పరీక్ష వేస్తే అక్టోబరు చివరికి కాడలు చూస్తారు. పరీక్ష నెగ్గితే నవంబరు మూడో వారంలో షేకర్ మీద ద్రవ స్పాన్ పెట్టి, నెలాఖరుకు సీసాల్లో విత్తాలి. కాడలు లేచే దశ డిసెంబరు చివరి చలికి సరిగ్గా పడుతుంది, జనవరి మూడో వారంలో, సంక్రాంతి హడావుడి తగ్గాక కోతకొస్తుంది.